మూడు సింహాల గుండీలు

ప్రకటనల్లో సైనికుల దుస్తులు వాడవచ్చా అని మొన్న ఒక కుర్ర విలేకరి నన్ను అడిగాడు. ఏదో దుకాణం వాళ్ళు ఒక నటుడికి మిలటరీ కోటు తొడిగి బొమ్మ వేయించారట, దాని మీద గొడవ జరుగుతోందట. చట్టం సంగతి ప్లీడర్లను అడగమని చెప్పాను. నాకు తెలిసింది ఒక్క గడ్డిబొమ్మ కథే. ఈ విలేకరి ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీకు అది పనికొస్తుందో లేదో నేను చెప్పలేను. నన్ను మాత్రం ఇన్నేళ్ళయినా వదల్లేదు.

నేను అప్పట్లో నెల్లూరులో ఒక దినపత్రికకు విలేకరిని. మా రోజుల్లో వార్తలు రాసేవాడే ప్రకటనలూ తెచ్చేవాడు. పొద్దున కలెక్టరాఫీసు, మధ్యాహ్నం వడ్ల ధరలు, సాయంత్రం దుకాణాల చుట్టూ తిరుగుడు. చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. ఎక్కడ చూసినా జవానే. సబ్బు మీద జవాను, అగ్గిపెట్టె మీద జవాను. మా వీధిలోని కాఫీ హోటలు వాడు జవాన్లకు ఇడ్లీ ఉచితం అని బోర్డు పెట్టాడు. ఒక్క జవానూ రాలేదు కనక ఆ బోర్డు చాలాకాలం ఉంది.

ఒక బీడీల కంపెనీకి నెల్లూరులో ఏజెంటు ఉండేవాడు. లావుపాటి మనిషి, ఎప్పుడూ నవ్వు ముఖం. నాటకాలాడే ఒకడికి మిలటరీ దుస్తులు తొడిగి, బండి మీద నిలబెట్టి, బీడీ తాగిస్తూ ఊరూరా తిప్పాలని అతని ఆలోచన. ఎందుకైనా మంచిదని అతన్ని మాకు తెలిసిన ప్లీడరు గారి దగ్గరకు తీసుకుపోయాను. ఆయన పెద్దవారు, నశ్యం పీల్చనిదే నోరు విప్పరు.

"సైనికుడు కానివాడు ఆ దుస్తులు తొడగడం ఒక్కటే నేరం కాదు. సైనికుడని జనం నమ్మాలన్న ఉద్దేశంతో తొడిగితే నేరం. నాటకంలో పరవాలేదు, అది వేషమని అందరికీ తెలుసు" అన్నారు ప్లీడరు గారు.

"నమ్మకపోతే యాపారం ఎట్టా జరగతాదయ్యా?" అన్నాడు ఏజెంటు.

"అందుకే వద్దంటున్నాను."

ఏజెంటు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మనిషి బదులు బొమ్మకు తొడిగితే?"

ప్లీడరు గారు పెద్దగా నవ్వారు. "బొమ్మకు ఉద్దేశం ఎక్కడిదయ్యా!"

ఏజెంటుకు ఆ నవ్వు చాలింది.

బొమ్మను తిరునాళ్ళకు బొమ్మలు చేసేవాళ్ళ చేత చేయించాడు. ఎండుగడ్డి ఒళ్ళు, కాగితపు గుజ్జుతో తల, గాజు కళ్ళు. దుస్తులు మాత్రం అసలువే. మద్రాసులో పాతబట్టల బజారులో కొన్నాడు. సైన్యం పారేసినవి అక్కడికి ఎట్లాగో చేరేవి. చాకలి చేత ఉతికించి గంజి పెట్టించాడు. నోట్లో బీడీ పెట్టడానికి సందు, లోపల రబ్బరు గొట్టం, దాని చివర చిన్న తోలుతిత్తి. బండివాడు కాలితో తిత్తిని తొక్కితే బొమ్మ బీడీ పీల్చి పొగ వదిలేది. మొదటిసారి ఏజెంటు దుకాణం పెరట్లో, మిట్టమధ్యాహ్నం, దాన్ని చూసి నేను ఎవరో అనుకుని నమస్కారం పెట్టాను. అది తీరిగ్గా నా ముఖం మీదికి పొగ వదిలింది. ఏజెంటు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ పొగ వదిలే ముందు అది గుండెనిండా పీల్చుకున్నట్టు కోటు పైకి లేచి దిగడం నాకు బాగాలేదు.

ఇంక కరపత్రం. ఏజెంటు తెలివి అంతా అందులో ఉంది. బీడీ పేరు ముందే చెబితే జనం రారు, అందుకని బండి రావడానికి కొన్నాళ్ళ ముందు ప్రతి ఊళ్ళోనూ ఒకే ఒక్క మాట అచ్చువేసిన కాగితం పంచేవాడు: "మీ ఊరి జవాను వస్తున్నాడు! ఎదురు చూడండి!" ప్రూఫు నేనే చూశాను. అచ్చుతప్పు ఒక్కటీ లేదు.

బుచ్చిరెడ్డిపాలెం వైపు బ్రహ్మాండంగా నడిచింది. వడ్ల వ్యాపారులు బొమ్మతో సరసాలాడారు. "ఏం సామీ, చైనావోడు పారిపోయినాడా?" అనేవాళ్ళు. బొమ్మ పొగ వదిలితే ఈలలు. బీడీలు బాగా అమ్ముడుపోయాయి. ఆ తర్వాత బండి సముద్రం వైపు తిరిగింది. నాలుగు ముక్కలు రాస్తానని నన్నూ ఎక్కించుకున్నాడు ఏజెంటు. విడవలూరు దాటి, కాలవ మీద బల్లకట్టెక్కి, సరుగుడు తోటల మధ్య ఇసుకలో పోయాం. బొమ్మ పక్కన కూర్చున్న ఆ ఒక్కపూటకే నా లాల్చీకి పట్టిన బీడీ వాసన ఎన్ని ఉతుకులకూ పోలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

పట్టపువాళ్ళ పల్లె అది. సముద్రంలో చేపల వేటకు పోయి బతికేవాళ్ళు. బండి ఊళ్ళోకి వస్తే పిల్లలు వెంటబడాలి. ఎవరూ రాలేదు. గుడిసెల ముందు నీళ్ళు చల్లి ముగ్గులు పెట్టి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, కాకి అరుపు కూడా లేదు. దారికి రెండు పక్కలా జనం వరసగా నిలబడి ఉన్నారు.

"చూసినారా, ఏం మర్యాదో!" అన్నాడు ఏజెంటు నాతో మెల్లగా.

వరస చివర ఒక పాతికేళ్ళ ఆడమనిషి నిలబడి ఉంది. కొత్త చీర, తలలో కనకాంబరాలు, చంకలో నీళ్ళబిందె. దూరం నుంచి వచ్చినవాడి కాళ్ళు కడగడానికి తెచ్చిన నీళ్ళవి. బండి ఆగింది. బండివాడు అలవాటు కొద్దీ తిత్తి తొక్కాడు. బొమ్మ ఛాతీ లేచి దిగింది. నోట్లోంచి పొగ వచ్చింది.

ఆమె బిందె దించలేదు. బొమ్మ ముఖంలోకి చూసింది, ఆ తర్వాత బండి వెనక ఉన్న ఖాళీ దారిలోకి చూసింది.

"ఎనకాల ఇంగా ఎవురన్నా వస్తా ఉండారా?" అని అడిగింది.

"ఎవురూ లేరమ్మా. ఈయనే" అన్నాడు ఏజెంటు, నవ్వాలో మానాలో తెలియక.

అప్పుడు గాని మాకు సంగతి తెలియలేదు. ఆమె మొగుడు పటాలంలో చేరి చైనా యుద్ధానికి పోయాడు. మంచుకొండల్లో కనబడకుండా పోయాడని తంతి వచ్చింది. పోయాడని లేదు, ఉన్నాడని లేదు. ఆ ఊరి నుంచి పోయిన జవాను అతనొక్కడే. మా కరపత్రాన్ని బడి అయ్యవారు ఊరందరికీ చదివి వినిపించాడు. మీ ఊరి జవాను వస్తున్నాడు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. సముద్రంలో పోయినవాడి శవం దొరక్కపోతే గడ్డిబొమ్మ చేసి, పోయినవాడి గుడ్డలు దానికి తొడిగి, పాడె మీద ఒడ్డుకు మోసుకుపోయి కాలుస్తారు. ఆ తర్వాతే పెళ్ళానికి బొట్టు తీయడం, గాజులు పగలగొట్టడం. కాల్చేదాకా పోయినవాడు దాహంతో ఒడ్డున తిరుగుతుంటాడని, పడవలను పట్టి లాగుతాడని వాళ్ళ నమ్మకం. ఆ ఏడు రెండు పడవలు బోల్తాపడ్డాయి. జవానుకూ బొమ్మ కాల్చాలని ఊరివాళ్ళు పట్టుబట్టారు. గుడ్డలు లేనిదే బొమ్మ కుదరదు. ఆమె మొగుడి గుడ్డలన్నీ ఎక్కడో దాచేసింది. ఎవరెంత అడిగినా చూపించలేదు.

ఇప్పుడు గుడ్డలు తొడుక్కుని బొమ్మే నడిచివచ్చింది.

ఆమె బావ, అంటే మొగుడి అన్న, ఊరికి పెద్ద. మెత్తటి మనిషి. బండి దగ్గరికి వచ్చి బొమ్మ చేయి పట్టుకున్నాడు.

"వొచ్చినాడు. మడిసిగా రాలేక ఇట్టా వొచ్చినాడు" అన్నాడు.

"ఆయన బీడీ తాగడు బావా" అందామె.

అంతే అంది. అరవలేదు, ఏడవలేదు. జనంలోంచి ఒక ముసలామె తడుముకుంటూ వచ్చింది. చూపు సరిగ్గా లేదు, అతని తల్లి. కోటు గుండీలను ఒక్కొక్కటే వేళ్ళతో తాకింది.

"దించండిరా అబ్బయా. నిలబడి నిలబడి కాళ్ళు లాగతా ఉంటాయి" అంది.

నలుగురు వచ్చి బొమ్మను దించి వలల కొట్టంలో పడుకోబెట్టారు. ఎల్లుండి అమావాస్య, ఆ పొద్దున కాలుస్తామన్నారు. "అది కంపెనీ సరుకు, నా ఉద్యోగం పోతాది" అని ఏజెంటు మొత్తుకున్నాడు. బావ అతన్ని తిట్టలేదు, కొట్టలేదు. "నువ్వు తెచ్చినావు, నీకు పున్నెం ఉండాది. పో నాయనా" అన్నాడు. ఆ మంచితనానికి భయపడి ఏజెంటు ఖాళీ బండి తోలించాడు.

బల్లకట్టు దగ్గర ఆమె మమ్మల్ని కలిసింది. పరుగున వచ్చినట్టుంది, పూలు సగం రాలిపోయాయి.

"ఆ కాయితం రాసినోళ్ళు మీరేనా?" అంది. నేను తల ఊపాను. "అయితే మీరే చెప్పాల. దాన్ని కాలిస్తే ఆయన పోయినట్టే. రేపు ఆయన వొస్తే బొట్టు లేని ముఖంతో ఎదురుపోవాల్నా నేను? కాల్చకండా ఆపేదానికి సర్కారులో చట్టం ఏదన్నా ఉండాదా?"

ఉందో లేదో నాకు తెలియదు. "కనుక్కుంటానమ్మా" అన్నాను.

మర్నాడు నెల్లూరులో నాకు తెలిసిన సబ్ఇన్‌స్పెక్టరు గారి ముందు కూర్చున్నాను. కథంతా విని ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు.

"ఏవయ్యా, మీ ప్లీడరు చెప్పింది నిజమే. బొమ్మను ఏ సెక్షన్ కింద పట్టుకోమంటావు? ఆచారం ప్రకారం కాల్చుకుంటే నేనెవర్ని ఆపడానికి?"

"దుస్తులు అసలువండీ."

"పాతబట్టలు కొనడం నేరమా?" అంటూ టోపీ మీది బిళ్ళను అలవాటుగా బొటనవేలితో తుడిచారు. తుడుస్తూ ఆగిపోయారు. "గుండీలు ఎట్లా ఉన్నాయి?"

ముసలామె వేళ్ళు గుర్తొచ్చాయి. "ఇత్తడివి. మూడు సింహాలున్నాయి."

ఆయన ముఖం విప్పారింది. "అట్లా చెప్పు! మూడు సింహాలంటే ప్రభుత్వ ముద్ర. అనుమతి లేకుండా ఆ ముద్రను వ్యాపారానికి వాడితే నేరం. అది మనిషి తొడిగినా ఒకటే, బొమ్మ తొడిగినా ఒకటే. ఉద్దేశంతో పనిలేదు. ఆ బొమ్మ సాక్ష్యం. సాక్ష్యాన్ని ఎవరూ కాల్చకూడదు."

బొమ్మను తప్పించుకోనిచ్చిన చట్టం గుండీలను పట్టుకుంది. ఈ మాట తర్వాత ప్లీడరు గారికి చెబితే రెండుసార్లు నశ్యం పీల్చారు.

అమావాస్య నాటి పొద్దున సబ్ఇన్‌స్పెక్టరు గారూ, ఇద్దరు కానిస్టేబుళ్ళూ, నేనూ జీపులో పోయేసరికి పాడె లేచింది. డప్పులు లేవు, ఏడుపులు లేవు. సరుగుడు తోటల్లోంచి వచ్చే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. నలుగురి భుజాల మీద బొమ్మ పడుకుని ఉంది. గాజు కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటిని మూసే దారి ఎవరికీ తెలియలేదు. ఆమె పాడె వెనక నడుస్తోంది. బొట్టు ఇంకా ఉంది.

సబ్ఇన్‌స్పెక్టరు చెయ్యి ఎత్తారు. "దించండి."

"దొరా, ఎత్తిన శవాన్ని దించకూడదు. ఊరికి అరిష్టం" అన్నాడు బావ.

"ఇది శవం కాదయ్యా. సాక్ష్యం."

పాడె మోసేవాళ్ళలో ఒకడు మెల్లగా, "బరువు మాత్రం శవం బరువే ఉండాది సామీ" అన్నాడు. గడ్డిబొమ్మ అది. దించడానికి వెళ్ళిన మా కానిస్టేబుళ్ళు ఇద్దరూ మళ్ళీ సర్దుకుని పట్టుకున్నారు. రాత్రంతా సముద్రపు గాలికి గడ్డి చెమ్మ పీల్చి ఉంటుంది. నేనట్లాగే అనుకున్నాను.

కాలవ దాటేటప్పుడు బల్లకట్టువాడు బొమ్మ కేసి చూసి అడిగాడు: "ఈయన్ని మనిషి కింద రాసుకోవాల్నా, మూట కింద రాసుకోవాల్నా?" విడవలూరులో మా జీపు చూసి ఒక ముసలాయన నిలబడి దండం పెట్టాడు. వెనక సీట్లో కానిస్టేబుళ్ళ మధ్య నిటారుగా కూర్చున్నవాడికి.

ఆ చట్టం కింద కేసు నడపాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. ఢిల్లీ నుంచి కాగితం రావడానికి కాలం పట్టింది. చాలాకాలమే పట్టింది. అందాకా బొమ్మ స్టేషన్లో, తుపాకులు పెట్టే గది మూలన నిలబడి ఉంది. కొత్తగా వచ్చిన హెడ్డు కానిస్టేబులు మొదటిరోజు దానికి సెల్యూటు కొట్టాడు, ఆ తర్వాత సిగ్గుపడి దాన్ని గోడవైపు తిప్పాడు. కాసేపటికి తనే వెళ్ళి మళ్ళీ ఇటు తిప్పాడు. ఎందుకయ్యా అంటే, "ఎనకనించి చూస్తే ఊపిరి తీస్తా ఉన్నట్టుండాది సార్. ముందరనించే నయం" అన్నాడు. తిత్తి తొక్కే బండివాడు ఎప్పుడో పని మానేసి పోయాడు.

ఆమె ఎండుచేపల గంపతో నెల్లూరు వచ్చినప్పుడల్లా స్టేషన్ గేటు దగ్గర ఆగేది. లోపలికి వచ్చేది కాదు. "ఉండాడా?" అని అడిగేది. ఉన్నాడని సెంట్రీ తల ఊపితే వెళ్ళిపోయేది. పల్లెలో మాట మారిపోయిందని తర్వాత తెలిసింది. ఇన్నాళ్ళూ కనబడకుండా పోయినవాడు ఇప్పుడు నెల్లూరు స్టేషన్లో ఉన్నాడు. స్టేషన్లో ఉన్నవాడి పెళ్ళానికి ఎవరు బొట్టు తీస్తారు? ముసలితల్లి ఆ మధ్యలో కన్నుమూసింది. కొడుకును తొందర్లో విడిచిపెడతారని పక్కింటివాళ్ళకు చెబుతూనే పోయిందట. పడవలు మామూలుగా పోయి మామూలుగా వచ్చాయి.

మా ఆఫీసులో నాకు మాటలు పడ్డాయి. ప్రకటన ఇచ్చేవాడి మీద కేసు పెట్టించిన విలేకరిని అంతకుముందు ఎవరూ చూడలేదు. ఏజెంటు మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. బీడీల ఏజెన్సీ వదిలేసి పసుపు, కుంకుమ హోల్‌సేలులో దిగాడు.

చివరికి అనుమతి వచ్చింది. కంపెనీవాళ్ళు తప్పు ఒప్పుకుని జరిమానా కట్టారు. కోర్టు తీర్పులో చివర ఒక వాక్యం ఉంది: దుస్తులను సైన్యానికి అప్పగించాలి, బొమ్మను తగలబెట్టి నాశనం చేయాలి.

చట్టం ఆమెను ఎక్కడికి తెచ్చి నిలబెట్టిందో చూడండి. నేనే కబురు పంపాను.

స్టేషన్ పెరట్లో పొద్దున్నే చేరాం. ఆమె వచ్చింది. బావ కూడా వచ్చాడు, చేతిలో కొత్తకుండ ఉంది.

"మేం కాలిస్తే ఏంది, సర్కారు కాలిస్తే ఏంది? బూడిద మాకు ఇప్పించండి, సముద్రంలో కలుపుకుంటాం. ఈ పిల్ల ఇంగ ఎన్నాళ్ళని ఇట్టా తిరగతాది?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

ఆమె సబ్ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "అయ్యా, గుడ్డలు ఇప్పినాకనే గదా కాల్చేది?"

"అవునమ్మా. దుస్తులు సైన్యానివి."

"ఇప్పినాక అది జవాను కాదు గదా?"

ఆయన తీర్పు కాగితం విప్పి, మళ్ళీ మడిచారు. "కాదు. గుండీలు తీసేస్తే ఉత్త గడ్డి. చట్టప్రకారం కూడా అంతే."

ఆమె బావ వైపు చూసింది. "ఇన్నావా బావా? గడ్డిని కాలుస్తా ఉండారు."

బావ కుండను నేల మీద పెట్టాడు.

హెడ్డు గుండీలు విప్పి కోటు ఊడదీశాడు. మెడపట్టీ దగ్గరా చంకల కిందా ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంది. చాకలి గంజి పెట్టిన కోటు అది, నేను చూశాను. ఆ తర్వాత దాన్ని తొడిగింది గడ్డిబొమ్మ ఒక్కటే. ఆమె కోటు అందుకుని ముఖానికి ఆనించుకుంది.

"ఏందమ్మా?" అన్నాను.

"ఇన్ని ఊళ్ళు తిప్పి బీడీలు తాగించినారే" అంది. "దీనికి బీడీ వాసనే లేదు."

నేనూ వాసన చూశాను. చెమట వాసన ఉంది. బీడీ వాసన లేదు.

గడ్డికి నిప్పు పెట్టారు. రబ్బరు గొట్టానికి సెగ తగలగానే లోపలి తిత్తి తెరుచుకుంది కాబోలు, కాగితపు నోట్లోంచి పొడుగ్గా ఒక నిట్టూర్పు వచ్చింది. కానిస్టేబుళ్ళు ఒక్కడుగు వెనక్కి వేశారు. బావ చేతులు జోడించాడు. ఆమె అటు చూడలేదు. బూడిద చల్లారాక బావ ఖాళీ కుండ తీసుకుని గేటు దాటాడు.

హెడ్డు కోటును మడిచి పార్సిలు కట్టబోయాడు. ఆమె ఆపింది.

"మిలట్రీకే గదా పంపేది?"

"మిలట్రీకే."

"పైగుండీ ఊడేట్టుండాది. సూదీదారం ఉంటే ఇయ్యన్నా."

సెంట్రీ తన పెట్టెలోంచి తెచ్చి ఇచ్చాడు. ఆమె స్టేషన్ మెట్ల మీద కూర్చుని, కోటు ఒళ్ళో పరుచుకుని, మూడు సింహాల గుండీని గట్టిగా కుట్టింది. పంటితో దారం కొరికింది. గుండీని వేలితో లాగి చూసింది.

"ఇంగ పంపండి" అంది.